చీజ్ రొట్టె తిన్న రెండు గంటలకి షుగర్ బాగానే ఉంటోంది, తెల్లారి ఫాస్టింగ్ మాత్రం ఎక్కువొస్తోంది. ఎందుకని?

సీతమ్మధార అమ్మాయి:

అందరికీ నమస్తే. నాన్నగారి గురించి అడుగుతున్నాను, కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

ఆయనకి 61 ఏళ్లు. షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. రెండు పూటలా మెట్‌ఫార్మిన్, పొద్దున టిఫిన్‌కి ముందు గ్లిమెపిరైడ్ 1 ఎంజీ వాడుతున్నారు. మొన్న చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 7.1. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బళ్లు ఆపేసే టైముకి వెళ్లి నడిచొస్తారు, స్వీట్ల జోలికి పోరు, రాత్రిపూట అన్నం మానేసి చాలా కాలమైంది. తిండి విషయంలో ఇంత కట్టుదిట్టంగా ఉండే మనిషికి ఇప్పుడు ఒక వంటకం తెగ నచ్చేసింది.

మా చెల్లి జార్జియా దేశంలో ఎంబీబీఎస్ చదువుతోంది. సెలవులకి ఇంటికొచ్చి అక్కడి ఖాచపురి చేసింది. పులిసిన మైదా పిండిలో చీజ్ పెట్టి, బొబ్బట్టుకి పూర్ణం పెట్టినట్టే మూసి, వత్తి, పెనం మీద కాల్చడమే. అక్కడ వాడే సులుగుని చీజ్ ఇక్కడ దొరకలేదని సగం మొజరెల్లా, సగం పనీర్ వేసింది. 250 గ్రాముల మైదాకి 300 గ్రాముల చీజ్, పైన వెన్న. ఆరు ముక్కలు కోస్తే నాన్న రెండు ముక్కలు తిన్నారు, అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. పదకొండున్నరకి చూస్తే 148. అన్నం తిన్నప్పటి కన్నా తక్కువే అని ఇంట్లో అందరం సంతోషపడ్డాం. తెల్లారి ఫాస్టింగ్ 172! మామూలుగా 115, 120 మధ్యలో ఉంటుంది. తర్వాత ఇంకో రాత్రి చేసినప్పుడు కూడా అచ్చం ఇలాగే అయింది.

చీజ్‌లో షుగర్ ఉండదంటారు కదా, మరి ఈ పెరిగింది ఎక్కడిది? మీటర్ తేడానా? మానేయమంటే ఆయన ఒక్క మాట కూడా అనకుండా మానేస్తారు, అది నాకు తెలుసు. కానీ ఇన్నేళ్లలో ఒక్క వంటకాన్ని ఇంత ఇష్టంగా తినడం ఇప్పుడే చూస్తున్నాం, అందుకే తింటూనే షుగర్ అదుపులో ఉంచే దారి ఏదైనా ఉందా అని అడుగుతున్నాను.

వాల్తేరు వాకర్:

మీటర్ తప్పేమీ కాదమ్మా. ఇంట్లో వాడే మీటర్లలో పది పదిహేను శాతం అటూ ఇటూ ఉంటుంది గానీ, 115 ఉండాల్సింది 172 చూపించదు, అదీ రెండుసార్లు.

నాదీ టైప్ 2నే. షుగర్‌ని రోజంతా గీతలా చూపించే 14 రోజుల సెన్సార్ భుజానికి పెట్టుకున్నప్పుడు నాకు ఈ సంగతి కళ్లకి కట్టినట్టు కనిపించింది. ఇడ్లీ తింటే గీత గంటలో పైకి లేచి రెండు గంటలు దాటేసరికి దిగడం మొదలెడుతుంది. అదే చీజ్ నాన్ తిన్న రాత్రి అయితే తిన్నాక మొదటి రెండు గంటలూ గీత బుద్ధిగా ఉంటుంది, ఆ తర్వాత మెల్లగా ఎక్కడం మొదలెట్టి నాలుగైదు గంటల దాకా పైనే కూర్చుంటుంది. కొవ్వు ఎక్కువున్న తిండి పొట్టలోంచి పేగుల్లోకి ఆలస్యంగా జారుతుంది, దాంతో పాటు తిన్న మైదా కూడా ఆలస్యంగానే గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వస్తుంది. అంటే చీజ్ షుగర్‌ని ఆపలేదు, వాయిదా వేసింది. ఇన్సులిన్ వాడే టైప్ 1 పిల్లల తల్లిదండ్రులకి ఇది బాగా తెలుసు. పిజ్జా తిన్న రాత్రి పడుకునేటప్పుడు బాగున్న షుగర్ అర్ధరాత్రి దాటాక పెరుగుతుంది, అందుకే డాక్టర్లు కొందరికి ఆ పూట డోసుని రెండు భాగాలుగా విడగొట్టి ఇమ్మంటారు.

ఇప్పుడు మీ నాన్నగారి రాత్రిని గంటల్లో లెక్క కట్టండి. తొమ్మిదిన్నరకి తిన్నారు. పదకొండున్నరకి మీరు చూసిన 148 అసలు కథ మొదలవకముందు వచ్చిన అంకె. పెరగాల్సింది ఒంటిగంటకీ రెండింటికీ పెరిగుంటుంది, అప్పుడు ఇల్లంతా నిద్రలో ఉంది. దానికి తోడు తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి లివర్‌లోంచి గ్లూకోజ్ బయటికి వస్తుంది. రాత్రి పొద్దుపోయాక ఇన్సులిన్ పనితనం కూడా మందంగానే ఉంటుంది. ఇవన్నీ కలిసి ఆ 172.

ఈసారి అదే రొట్టె సాయంత్రం ఆరున్నరకి పెట్టండి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న టైము రాసుకుని, ఎనిమిదిన్నరకి ఒకటి, పదిన్నరకి ఒకటి, తెల్లారి ఫాస్టింగ్ ఒకటి చూడండి. చీజ్, వెన్న, నూనె బాగా ఉన్న ఏ తిండికైనా నాలుగో గంట రీడింగ్ చూడకుండా ఇది నాకు పడుతుంది అని ఎవరూ నిర్ణయానికి రాకూడదు. ఇది నేను చాలామందికి చెబుతూ ఉంటాను, ఎందుకంటే రెండు గంటల రీడింగ్ చూసుకుని ధైర్యంగా ఏళ్ల తరబడి తింటూ, హెచ్‌బీఏ1సీ ఎందుకు దిగట్లేదో అర్థం కాక బాధపడేవాళ్లని చూశాను.

భీమిలి చోడి అంబలి:

ఇంత ఆలోచన ఎందుకండీ, మైదా తీసేయండి. మన ఉత్తరాంధ్రలో చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు) తిని పెరిగినవాళ్లకి ఈ జబ్బులున్నాయా? చోడిపిండితో అదే రొట్టె చేసి అందులో ఎంత చీజ్ కావాలంటే అంత పెట్టండి. షుగర్ కదలదు.

ఎంవీపీ డైట్:

నేను డైటీషియన్‌ని. చోడి గారి మాటలో సగం నేనూ ఒప్పుకుంటాను, మిగతా సగం మాత్రం నమ్మి ఊరుకుంటే ప్రమాదం.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల్లో 100 గ్రాముల మైదాకి కార్బ్స్ (పిండిపదార్థాలు) 74 గ్రాములు, పీచు మూడు గ్రాముల లోపే. గోధుమపిండిలో కార్బ్స్ 64, పీచు 11. చోళ్లలో కార్బ్స్ 67, పీచు 11. చూశారా, పీచులో తేడా చాలా ఉంది, కాల్షియంలో చోళ్లని కొట్టే ధాన్యం లేదు, ఆ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ కార్బ్స్‌లో తేడా అంత లేదు. పైగా చోళ్లని మెత్తగా పట్టించి పల్చటి జావ కాచి తాగితే షుగర్ బాగా వేగంగా పెరుగుతుంది, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది తరచూ చూస్తాను. పాతకాలం వాళ్లు చోళ్లు తిన్నారు నిజమే, ఆ తిన్నదానికి పొలంలో రోజంతా నడుం వంచారు కూడా.

కాబట్టి మొదట మార్చాల్సింది పిండి రకం కాదు, పిండి బరువు. అమ్మాయి గారూ, మీరు చెప్పిన కొలతల ప్రకారం నాన్నగారు తిన్న రెండు ముక్కల్లో మైదా 83 గ్రాములు, అంటే కార్బ్స్ 62 గ్రాముల దాకా. ఇంట్లో చేసే మామూలు పుల్కా 30 గ్రాముల పిండితో చేస్తాం, అందులో 19, 20 గ్రాములు ఉంటాయి. అంటే ఆయన రాత్రి తొమ్మిదిన్నరకి మూడు పుల్కాల కార్బ్స్, దాని మీద 25 గ్రాముల చుట్టూ కొవ్వు తిన్నారు. రెండు ముక్కలే కదా అనిపిస్తుంది. అందుకే ముక్కలు లెక్కపెట్టొద్దు, వంటింటి త్రాసు ఉంటే పిండి తూచి కలపండి, ఒకసారి చెయ్యి అలవాటు పడితే తర్వాత త్రాసు అక్కర్లేదు.

నేనైతే ఇలా చేయిస్తాను. ఒక మనిషికి 25 గ్రాముల గోధుమపిండి, 15 గ్రాముల శెనగపిండి, మూడు నాలుగు చెంచాల పుల్లటి పెరుగు, చిటికెడు ఉప్పు. శెనగపిండి ఇంతకన్నా పెంచితే రొట్టె విరిగిపోయి చీజ్ బయటికి కారుతుంది. మన విశాఖ ఉక్కలో పిండి తొందరగా పులుస్తుంది, ఈస్ట్ లేకపోయినా గంట సేపు మూతపెట్టి వదిలేస్తే సాగుతుంది. లోపల 50 గ్రాముల పనీర్ చిదిమి, దాంట్లో 20 గ్రాముల మొజరెల్లా తురిమి కలపండి. సాగే గుణానికి ఆ కాస్త మొజరెల్లా చాలు, కడుపు నింపే పని పనీర్ చూసుకుంటుంది. పైన వెన్న రాయకండి, పెనం మీద మూతపెట్టి సన్న సెగన కాల్చండి. దీంట్లో కార్బ్స్ 25 గ్రాముల దగ్గర ఆగుతాయి, ప్రోటీన్ 20 గ్రాములు దాటుతుంది. వెన్న తగ్గించమనేది ఒక్క షుగర్ కోసమే కాదు, పదేళ్ల షుగర్ ఉన్న మనిషికి గుండె సంగతి కూడా చూడాలి, చెడు కొలెస్టరాల్ రిపోర్ట్ ఎప్పుడు చేయించారో ఒకసారి చూసుకోండి.

తినే వరస కూడా ముఖ్యమే. కూర, ప్రోటీన్ ముందు తిని, రొట్టో అన్నమో చివర తింటే తిన్న తర్వాత పెరిగే షుగర్ తగ్గుతుందని 2015లో న్యూయార్క్‌లో వైల్ కార్నెల్ వైద్య కళాశాల వాళ్లు టైప్ 2 ఉన్నవాళ్ల మీద పరీక్షించి చూపించారు. పాల్గొన్నది 11 మందే కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని గొప్పగా చెప్పను, కానీ నేను చూసే వాళ్లలో చాలామందికి పని చేస్తోంది, ఖర్చు లేదు, మందు లేదు. అన్నట్టు మీ చెల్లిని ఫ్ఖాలీ చేయమనండి, ఆవిడకి తెలిసే ఉంటుంది. జార్జియా వాళ్ల భోజనాల్లో ఖాచపురి ఒక్కటే పెట్టరు, పాలకూర ఉడకబెట్టి, నీళ్లు గట్టిగా పిండి, వాల్‌నట్స్, వెల్లుల్లి, కొత్తిమీర నూరి కలిపి, కాస్త వెనిగర్ చల్లి ముద్దలు చేస్తారు. చల్లగా తినే వంటకం. ఎంవీపీ రైతుబజార్‌లో తోటకూర, పాలకూర పొద్దున్నే తాజాగా దొరుకుతాయి. వాల్‌నట్స్ ఖరీదనుకుంటే వేయించిన వేరుశెనగ గుళ్లు నూరి వేసినా బాగుంటుంది, వెనిగర్ బదులు నిమ్మకాయ. నాన్నగారు ముందు అది ఒక కప్పు, కీరా, టమాటా ముక్కలు తిని, అప్పుడు రొట్టె మీదికి వెళ్లాలి. వాళ్ల తిండిలో కూరగాయల భాగం వదిలేసి రొట్టె ఒక్కటే మన ఇంటికి తెచ్చుకుంటే ఎలా?

ఇంకొకటి ఉప్పు. బీపీ కూడా ఉంటే డబ్బాల్లో, స్లైసుల్లో వచ్చే ప్రాసెస్డ్ చీజ్ తగ్గించండి, దాంట్లో మామూలు ఉప్పే కాకుండా కరిగి కలిసిపోవడానికి వేసే సోడియం లవణాలు కూడా ఉంటాయి. పనీర్‌లో ఉప్పు వెయ్యరు, అందుకే దాన్ని ఎక్కువ పెట్టమన్నాను. ఉప్పునీళ్లలో ఊరిన చీజ్ తెచ్చుకుంటే ముక్కలు చేసి మంచినీళ్లలో కాసేపు నానబెట్టండి, ఉప్పు కొంత దిగుతుంది. కిడ్నీ రిపోర్టుల్లో ఏదైనా తేడా ఉంటే ఈ కొలతలు పాటించకుండా ముందు డాక్టర్‌ని అడగండి.

భీమిలి చోడి అంబలి:

జావ సంగతి నాకు తెలీదండి, అంకెలతో చెప్పారు కాబట్టి ఒప్పుకుంటాను. రోజూ పొద్దున్నే గ్లాసుడు జావ తాగే బావగారు మాకు ఒకరున్నారు, ఆయనకి ఇది చూపిస్తాను.

చోడిపిండితోనే చేయాలనుకునేవాళ్లకి ఒక మాట. దాంట్లో జిగురు ఉండదు కాబట్టి చీజ్ లోపల పెట్టి మూయడం కుదరదు. నీళ్లు మరగబెట్టి పిండిలో పోసి, గరిటెతో కలిపి, వేడి ఆరకముందే మర్దించాలి. తడి గుడ్డ మీద చేత్తో తట్టి, ఒకవైపు కాలాక తిప్పి, ఆ కాలిన వైపు మీద ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, కాస్త చీజ్ చల్లి మూతపెడితే సరి. మునగాకు కలిపితే ఇంకా బాగుంటుంది. దీంట్లో చీజ్ రుచి చోడి రుచిని మింగెయ్యదు, అది నాకు చాలా ఇష్టం.

గాజువాక ఫుడ్డీ:

మంచి చర్చ. మరి బయట తినేవాళ్ల సంగతేంటి? శనివారం వస్తే మా బ్యాచ్ అంతా బీచ్ రోడ్డు వైపు వెళ్లి చీజ్ నాన్, బటర్ చికెన్ చెబుతారు. నాకు ప్రీడయాబెటిస్ (షుగర్ వచ్చే ముందు దశ) అన్నారు, హెచ్‌బీఏ1సీ 6.1. 34 ఏళ్లకే ఇది చూసి టెన్షన్ పట్టుకుంది. పక్కన కూర్చుని సలాడ్ ఒక్కటే తినడం నా వల్ల కాదు.

ఎంవీపీ డైట్:

కూర్చుని సలాడ్ ఒక్కటే తినమని ఎవరూ అనరు. 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్ కిందకి వస్తుంది, ఈ దశలో బరువు కాస్త తగ్గించి నడక పెంచితే మామూలు స్థాయికి తిరిగి రావడం చాలామందికి సాధ్యమే. అందుకని భయం వద్దు, అశ్రద్ధా వద్దు.

హోటల్ నాన్ పెద్దది. 80 గ్రాముల మైదా పడితే ఒక్క నాన్‌లోనే 60 గ్రాముల కార్బ్స్. పిండిలో చాలాచోట్ల పాలు, పంచదార కూడా కలుపుతారు. కాబట్టి ఇద్దరికి ఒక నాన్ చెప్పండి. దానికి ముందు తందూరీ చికెనో, వంజరం తవా ఫ్రైనో, పనీర్ టిక్కానో ఉల్లిపాయ, నిమ్మకాయతో తినండి. విశాఖలో ఉండి చేప వదిలేసి మైదాతో కడుపు నింపుకోవడం నాకు అర్థం కాని విషయం. అపోలో ఫిష్ అయితే వద్దు, దానికి కార్న్‌ఫ్లోర్ పట్టించి నూనెలో దేవుతారు. బటర్ చికెన్ గ్రేవీలో తీపి కూడా ఉంటుంది, రొట్టెతో పాటు అది గిన్నెడు లాగిస్తే మీరు చేసిన జాగ్రత్తంతా పోతుంది. నాన్‌తో పాటు కూల్‌డ్రింక్ అస్సలొద్దు. తిన్నాక ఎలాగూ బీచ్ రోడ్డు మీదే ఉంటారు, వెంటనే బండెక్కకుండా అందరూ కలిసి ఒక పావుగంట నడవండి. తిన్న వెంటనే నడిచే పది పదిహేను నిమిషాలకి షుగర్ మీద చాలా ప్రభావం ఉంటుంది, ఎందుకంటే కండరాలు పనిచేసేటప్పుడు రక్తంలో గ్లూకోజ్‌ని నేరుగా లాక్కుంటాయి.

ఇంకో జాగ్రత్త, చౌకగా దొరికే చీజ్ ఐటమ్స్‌లో వాడేది ఒక్కోసారి పాల చీజ్ కాదు, పామోలిన్ లాంటి నూనె, స్టార్చ్‌తో చేసిన చీజ్ అనలాగ్. ఇంటికి కొనే ప్యాకెట్ అయితే వెనక పదార్థాల జాబితా చదవండి, పాలు మొదట్లో ఉందా, పామోలిన్ ఉందా చూసుకోండి.

సీతమ్మధార అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం డైట్ గారి కొలతలతో చెల్లి చేసింది, ఆరున్నరకి పెట్టాం. ముందు తోటకూర ముద్దలు తిన్నారు, నాన్నకి అవి కూడా నచ్చాయి, వేరుశెనగ వేశాం. రెండు గంటలకి 139, నాలుగు గంటలకి 151, పొద్దున 122. రొట్టె తిన్నాక అపార్ట్‌మెంట్ కింద నడిచారు. ఒకే రొట్టె కాబట్టి చాల్లేదన్నట్టు చూశారు గానీ పదింటికి ఆకలి మాత్రం వెయ్యలేదన్నారు.

ఇంకో చిన్న ప్రశ్న. మా పెదనాన్నగారు కూడా షుగర్ పేషెంటే. చీజ్ రొట్టె తిన్న రోజు రాత్రి గ్లిమెపిరైడ్ అర టాబ్లెట్ అదనంగా వేసుకోమని నాన్నకి చెబుతున్నారు. ఆయన పెళ్లిళ్లలో భోజనం చేసినప్పుడల్లా అలానే చేస్తారట. అలా వేసుకోవచ్చా?

వార్డు సిస్టర్:

వద్దమ్మా, దయచేసి వేసుకోనివ్వకండి. ఇన్నేళ్లుగా రాత్రి డ్యూటీల్లో ఉన్న నర్సుగా చెబుతున్నాను.

గ్లిమెపిరైడ్ క్లోమాన్ని నొక్కి ఇన్సులిన్ బయటికి రప్పించే మందు. దాని పని గంటల తరబడి సాగుతుంది. తిన్న రొట్టె ఎప్పుడు జీర్ణమవుతుందో, ఆ మాత్ర ఎప్పుడు గట్టిగా పనిచేస్తుందో ఇంట్లో కూర్చుని కలపలేం. ఇప్పుడు మీరు పిండి కూడా సగానికి పైగా తగ్గించారు కాబట్టి అదనపు మాత్ర పడితే తెల్లవారుజామున 70 కిందకి పడిపోవచ్చు. నిద్రలో చెమటలు పట్టి, ఒళ్లు వణికి, మాట తడబడే స్థితిలో పెద్దవాళ్లని తీసుకొస్తుంటారు. తిన్నదానికి మందు సరిపెట్టడం కాదు, మందుకి తగ్గట్టు తినాలి. మీ పెదనాన్నగారికి కూడా ఈ మాట గౌరవంగానే, కానీ గట్టిగా చెప్పండి.

ఎప్పుడైనా అలా పడిపోతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి, 15 నిమిషాలకి మళ్లీ షుగర్ చూడాలి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆ సమయంలో ఇంట్లో ఉన్న చీజ్ రొట్టో, చాక్లెట్టో పెట్టకండి. పైన వాల్తేరు గారు చెప్పిన కారణమే, కొవ్వు వల్ల అందులోని గ్లూకోజ్ రక్తంలోకి చేరడానికి ఆలస్యమవుతుంది, అప్పుడు ఆ ఆలస్యం మనకి పనికిరాదు.

నిన్నటి అంకెలు చాలా బాగున్నాయి. రెండు గంటలకి 180 లోపు, ఫాస్టింగ్ 80 నుంచి 130 మధ్య ఉంటే చాలామంది పెద్దవాళ్లకి సరిపోతుంది, మీ నాన్నగారి లక్ష్యం ఎంతో ఆయన డాక్టరే చెప్పాలి. తిండి ఇలా తగ్గించి కొన్నాళ్లు నడిపితే గ్లిమెపిరైడ్ డోసు తగ్గించాల్సి రావచ్చు, అది కూడా వాళ్లే చూడాలి. ఈసారి చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు మైదా రాత్రి రీడింగులూ, నిన్నటి రీడింగులూ ఒకే కాగితం మీద తిన్న టైము, పిండి బరువుతో సహా రాసి పట్టుకెళ్లండి.